అనంతగిరి యాత్రలో నాణెముల ముచ్చట

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున సుమారు 75 కిలోమీటర్ల దూరమున వికారాబాదు కలదు. అచ్చటినుండి ఆరు కిలోమీటర్లు కొండత్రోవను సాగినచో అనంతగిరి చేరుదుము. వికారుల్ ఉమ్రా నవాబు పేర వెలసిన యీ పట్టణము 2016 అక్టోబరు 11వ తేదీనుండి జిల్లాకు ముఖ్యస్థానమైనది. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో పడిన ఇనుపదారి దీని మీదుగనే పోవుచున్నది. మొన్నటి కార్తికమున మేము కుటుంబసమేతముగా అనంతపద్మనాభస్వామి దర్శనమునకు వెళ్లితిమి. కొండను గూర్చియు, కోవెలను గూర్చియు వ్రాయవలెననియే మా యుద్దేశము. కాని జాతరలో తారసపడిన యొక పెద్దమ్మగారి వలన నాణెములను గూర్చియు, వానిని గూర్చిన వ్యాసములు ఇంటికి వచ్చు తీరును గూర్చియు కొన్ని సంగతులు తెలిసినవి. అవి మన గృహిణులకు మిక్కిలి పనికివచ్చునని తోచుటచే క్షేత్రవర్ణనము క్లుప్తపరచి ఆ ముచ్చటనే విస్తరించి వ్రాయుచున్నాము.

వానలు వెనుకబట్టి చలి యింకను ముదురని దినములవి. కొండ యెక్కు త్రోవలో పల్లెపడుచులు సీతాఫలముల గంపలు పెట్టుకొని కూర్చుండిరి. కోతులు వాహనముల వెంటబడుచుండెను. క్షయరోగుల చికిత్సాలయమును దాటి కొంత దూరము పోగా స్వామి కోవెల. మార్కండేయ మహర్షి యిచ్చట తపస్సు చేసెననియు, ముచికుందుడు శ్రీకృష్ణుని పాదములు కడిగిన జలమే నదియై పారెననియు స్థలపురాణము చెప్పును. ఆ ముచికుందా నదియే నేటి మూసీ. ఇచ్చట చూచినచో చీరకుచ్చెళ్లయిన తడియని సన్నని ధార. అదియే తూర్పునకు సాగి, హైదరాబాదు నడుమగా ప్రవహించి, సుమారు 240 కిలోమీటర్లు నడచి వాడపల్లి వద్ద కృష్ణలో గలియును. 1908 సెప్టెంబరు 28వ తేదీన నగరమును ముంచి వేలమందిని పొట్టబెట్టుకొన్నదియు ఈ సన్నని ధారయే యన్నచో చిన్నపిల్లలు నమ్మరైరి.

కోవెల చెంత భవనాశిని యను పుష్కరిణి కలదు. స్నానము చేసినవారు ఒక నాణెమును నీట విడిచి నమస్కరించుట మన దేశమున పరిపాటి. ఆ మెట్లకు దిగువను జాతరవర్తకు డొకడు గోనెపట్టాపై నల్లబారిన నాణెములు పరచి, "కంపెనీ కాలపువి, ఇంట నున్న లక్ష్మి నిలుచును" అని కేకలు వేయుచుండెను. ఒకవైపు శ్రీరామపట్టాభిషేకము, మరియొకవైపు ఈస్టిండియా కంపెనీ పేరును 1818 అను సంవత్సరమును గల పెద్ద రాగినాణెము లవి. మా వారు బడిపిల్లలకు చూపుటకై యొకటి చేత బట్టుకొని వెల యడుగుచుండగా, ప్రక్కన నిలిచిన యొక వృద్ధురాలు మా చెవిలో మెల్లగా, "బిడ్డా, అది నాణెం గాదు, బిళ్ల. పూజకు గావాల్నంటె కొనుక్కో, పాతదని మాత్రం కొనకు" అనిరి.

ఆమె మాట అక్షరాల నిజము. రామపట్టాభిషేకమును ముద్రించిన రాగినాణెములను కంపెనీవారు ఎన్నడును వేయలేదు. మద్రాసు కంపెనీవారు వేంకటేశ్వరుని ఉభయ దేవేరులతో ముద్రించి మూడుస్వాముల వరహాలను వేసిన మాట నిజమే కాని, అవి చిన్నని బంగారు నాణెములు. అదియునుగాక అచ్చులో పోత పోసిన బిళ్లకు అంచుచుట్టును సన్నని అతుకుగీత యుండును. ముద్రతో కొట్టిన నాణెమునకు ఆ గీత యుండదు. ఈ సంగతులన్నియు ఆమె వర్తకునకు వినబడకుండ, వాని పొట్ట కొట్టకుండ మాకు మాత్రమే చెప్పిరి. "ఇంతటి విషయము మీ కెట్లు తెలిసినది పెద్దమ్మగారూ?" అని అడుగగా, "కాగితాల్ల చదివిన" అని నవ్విరి.

ఆమెది తాండూరు. భర్త రైల్వేలో పనిచేసి కాలము చేసిరట. "రేపు మా యింటికి రండి, పెట్టె చూపిస్త" అని పిలువగా, కాదనలేక మరునాడు వికారాబాదులో రైలెక్కి తాండూరు చేరితిమి. పరుపుబండలకును, కందులకును పేరుపొందిన యూరిది. 2022లో తాండూరు కందులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆమె గృహమున నేల, అరుగు, నీళ్లతొట్టి సైతము ఆ నీలపుబండలే. కందిపప్పుతో వండిన భోజనము పెట్టి, తరువాత లోపలిగదినుండి ఒక చెక్కపెట్టెను, దానికి రెట్టింపు పరిమాణముగల యొక ఇనుపపెట్టెను తెప్పించిరి. చిన్నదానిలో నాణెములు, పెద్దదానిలో కాగితములు. ఆ రెండు పెట్టెల పరిమాణమును చూచియే మాకు సగము కథ తెలిసినది.

చెక్కపెట్టెలో ముఖ్యముగా నున్నవి నిజాము హాలీ సిక్కాలు. మన పెద్దలు వానితో బజారు చేసినవారే. 1950 నుండి భారత రూపాయితోపాటు కొంతకాలము చెలామణియై 1959లో అవి రద్దయినవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కంపెనీ రూపాయలన్న లెక్క మన అమ్మమ్మలకు కంఠోపాఠము. ఆ లెక్కకు మూలమేమో పెద్దమ్మగారు మాకు తక్కెడ పట్టి చూపిరి. హాలీ రూపాయి తూకము సుమారు 11.18 గ్రాములు, అందు వెయ్యింట 818 పాళ్లు వెండి. ఇంగ్లీషువారి రూపాయి 11.66 గ్రాములు, అందు వెయ్యింట 917 పాళ్లు వెండి. గుణించి చూచినచో మొదటిదానిలో 9.14 గ్రాములును, రెండవదానిలో 10.69 గ్రాములును శుద్ధమైన వెండి యుండును. ఈ రెంటి నిష్పత్తి ఆరింటికి ఏడు. బజారు లెక్క వెండి లెక్కయే!

చార్మినారు బొమ్మగల రూపాయిని చేతికిచ్చి ఆమె మరియొక చమత్కారము చూపిరి. చార్మినారు నడిమి ద్వారములో ఒక చిన్న పారసీకాక్షరమున్నది. అది "మీమ్" అయినచో 1911లో కాలము చేసిన మహబూబ్ అలీఖానుది. "ఐన్" అయినచో ఆ తరువాతి ఉస్మాన్ అలీఖానుది. ఉస్మాన్ అలీఖాను తొలి యేండ్ల రూపాయలలో ఆ ఐన్ పొట్టిగాను, తరువాతి వానిలో పూర్తిగాను కానవచ్చును. పైన గల 92 అను అంకె సంవత్సరము కాదు, మహమ్మదు ప్రవక్త నామాక్షరముల సంఖ్య. ఉర్దూ చదువని ఆమె ఈ రెండక్షరములును, పారసీక అంకెలును అరువదవయేట నేర్చిరట. ఎందులకు నేర్వవలసివచ్చినదో చెప్పినప్పుడు ఆమె గొంతు కొంచెము తగ్గినది.

భర్త పోయిన యేడాదికి మనుమరాలికి నర్సు చదువునకై రుసుము కట్టవలసివచ్చినది. ఇంట నున్నది ఈ పెట్టెయే. వెండి వర్తకుడొకడు వచ్చి, అన్నియు కలిపి తూకమువేసి, కల్తీ క్రింద కొంత తగ్గించి, వెండి ధర కట్టెదననెను. కోడలు నాణెములు తళతళలాడినచో నాలుగు రూకలు ఎక్కువ వచ్చునని చింతపండు నానబెట్టినది. ఆ సమయమున పెద్దమ్మగారికి భర్త మాట యొకటి జ్ఞప్తికి వచ్చినదట: నాణెమును తోమరాదు, కాగితమును చదువక అమ్మరాదు. ఇనుపపెట్టె తెరచి చూడగా, హాలీ రూపాయలను గూర్చిన యొక వ్యాసపు అంచున ఆయన పెన్సిలుతో "మనవద్ద రెండు" అని వ్రాసియుండెను. మనుమనిచేత ఆ వ్యాసము చదివించుకొని, పది దినములు కూర్చుండి, సంవత్సరములవారీగా నాణెములు వేరుచేసి, ఒకటికి మించి యున్నవానిని మాత్రము తెలిసిన సేకరణదారులకు అమ్మిరి. రుసుము కట్టబడినది; పెట్టెయు మిగిలినది. ఆ వారమే ఆగిపోయిన పత్రిక చందాను మరల కట్టిరి, ఈసారి తమ పేరట.

ఇక ఆ కాగితములు ఇంటికి ఎట్లు వచ్చెడివో విందము. మన గృహలలో ఈ మాసపత్రిక వచ్చు తీరుకును వానికిని పెద్ద భేదము లేదు. మన దేశమున నాణెశాస్త్ర సంఘము 1910లో అలహాబాదున ఏర్పడినది. 1939 నుండి తన పత్రికను వెలువరించుచున్నది. అంతకు పూర్వము 1904 నుండి బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికకు అనుబంధముగా ఇట్టి వ్యాసములు వచ్చెడివి. లండనులోని సంఘము 1836 నాటిది. అమెరికాలోనిది 1858 నాటిది. ఈ సంఘములన్నిటి పద్ధతియు ఒక్కటే: సభ్యులు ఏడాదికొకసారి చందా కట్టుదురు, పత్రిక ఇంటికి వచ్చును. 1880లో తపాలాశాఖ చేపట్టిన మనియార్డరు ద్వారా ఆ చందాలు పోయెడివి. పుస్తకములు మాత్రము 1877లో మొదలైన వి.పి. పద్ధతిని వచ్చెడివి.

వి.పి. మాట యెత్తగానే పెద్దమ్మగారు పకపక నవ్విరి. భర్త డ్యూటీకి పోయిన వేళనే తపాలా బంట్రోతు వచ్చి వాకిట నిలుచునట. నెలాఖరున పప్పుడబ్బాలో దాచిన రూకలు తీసి కట్ట విడిపించుకొనిన తరువాత చూచినచో కూరగాని పప్పుగాని కాదు, బొమ్మల కాగితములు! "ఆ పొద్దు ఆయనకు కారమన్నమే పెట్టిన" అనిరి. కాని చందా పద్ధతిపై ఆమెకు కోపము లేదు. ఏడాదికొకసారి, జీతము వచ్చిన వారమున, ముందుగా తెలిసి కట్టునది గనుక ఇంటి లెక్కలో ఇముడును. అచ్చువేయు వారికిని ఎన్ని ప్రతులు వేయవలెనో ముందే తెలియును. ఆ నిశ్చయము లేనిచో చిన్న పత్రిక యేదియు నిలువదు.

భర్త స్నేహితులైన సేకరణదారులను ఆమె నలుబదియేండ్లు కాఫీలు అందించుచు గమనించిరి. వారిలో మూడు తెగలున్నవట. మొదటి తెగవారు అచ్చుపత్రికనే కోరుదురు. నాణెమును బొమ్మ ప్రక్కన పెట్టి పోల్చుకొనవలెను, అంచున వ్రాసుకొనవలెను, ఏండ్లవారీగా బైండు కట్టించి దాచవలెను. బొమ్మ నాణెమంత పరిమాణముననే యుండినచో వారికి పరమానందము. రెండవ తెగవారు నేటి యువకులు. వారికి వ్యాసము ఫోనులోనికి వచ్చిన చాలును. పేరు కొట్టి వెదకిన క్షణములో దొరకవలెను, బొమ్మను పెద్దది చేసి చూడవలెను. రూకలు కట్టుటయు ఫోనుతోనే. మూడవ తెగవారికి పత్రికతో పనిలేదు. తమ చేతనున్న నాణెమును గూర్చిన ఆ ఒక్క వ్యాసము మాత్రమే కావలెను. దానికై ఏడాది చందా కట్టుమన్నచో వెనుకాడుదురు. విదేశపు ప్రచురణశాలలు విడి వ్యాసమునకు ఒక పుస్తకమంత వెల చెప్పుటచే వారు మిత్రులను యాచించి ప్రతులు తెచ్చుకొందురు. పూర్వము వ్యాసకర్తకు కొన్ని విడిప్రతులు ఉచితముగా నిచ్చెడివారు; వానిని తోటివారికి పంచుట యొక మర్యాదగా నుండెడిది.

మూడు తెగలకును సామాన్యమైన వింత యొకటి కలదు. నాణెమునకు వేలు పోయుటకు వెనుకాడని చేయి, ఆ నాణెమును తెలుపు వ్యాసమునకు వందయిచ్చుటకు వణకును. ఇందులకు పెద్దమ్మగారు చెప్పిన సమాధానము మాకు మిక్కిలి నచ్చినది. "నాణెం అమ్ముకుంటె పైసలు మల్ల వస్తయని ఆశ బిడ్డా. చదువు అమ్ముడుపోదు గద. కని ఆ చదువు లేకుంటె నాణెం గూడ తూకానికే పోతది."

ఇప్పుడు వెలలేక దొరకు వ్యాసములును కొన్ని కలవు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారి న్యూమన్ నాణెశాస్త్ర భాండారము వేలకొలది పాత పత్రికలను, వేలముపాట జాబితాలను ఉచితముగా చదువనిచ్చుచున్నది. మనుమడు వానినుండి కొన్నిటిని తీసి ఆమెకు చదివి వినిపించునట. అయినను ఉచితమనగా ఎవరో యొక దాత ముందే వెలయిచ్చిరని యర్థము. ఆ భాండారము ఎరిక్ న్యూమన్ అను సేకరణదారుని ధర్మము. మన తెలుగునాట అట్టి ధర్మము ఇంకను ఏర్పడవలసియున్నది. ఆమె యింటి పెట్టెలోని కాగితములలో తెలుగులో నున్నవి చేతివ్రేళ్ల నెన్నదగినవి, తక్కినవన్నియు ఇంగ్లీషే. "మనుమడు పట్నం పోతె నా పెట్టె మూగదైతది" అన్న మాట మా మనస్సున నాటుకొన్నది.

వ్యాసము చదువరులకు చేరుటయు, చేరకుండుటయు కేవలము ముచ్చట తీర్చుకొను విషయము కాదనుటకు మన తెలంగాణములోనే గొప్ప సాక్ష్యము కలదు. గోదావరి యొడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల యను గ్రామము కలదు. వానలు కురిసి మట్టి కొట్టుకొనిపోయినప్పుడెల్ల అచ్చటి దిబ్బలపై చిన్న చిన్న రాగి, పోటీను నాణెములు పైకి తేలెడివి. గ్రామస్థులకు అవి కాసులు, పిల్లలకు ఆటబిళ్లలు. వానిని సేకరించి దాచిన వారుండుటచేతను, శాసనపరిశోధకులైన పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1970 దశాబ్దపు చివరన వానిని చదివి నాణెశాస్త్ర పత్రికలో ప్రకటించుటచేతను, గోబద, నారన, కంవాయ, సమగోప యను రాజుల పేర్లును, సాతవాహన వంశమునకు మూలపురుషుడైన శ్రీముఖుని నాణెములును లోకమునకు తెలిసినవి. పురాణములలో పేరుమాత్రముగా నున్న రాజునకు మన మట్టిలో ఆనవాలు దొరకినది. ఆ కాసులు కంచరి మూసలో పడియుండినచో రాగి గుక్కెడు. పత్రికకెక్కుటచే ఒక జాతి చరిత్ర.

మన యిండ్లలో ఇట్టి పెట్టె లెన్ని కలవో! కాసులపేరులోని కాసు, వ్రతపీఠముపై పెట్టు పాతరూపాయి, అత్తగారి మూటలోని వరహా, ఇవి యన్నియు ఆడువారి చేతిలోనే యున్నవి. బాలకృష్ణుని రూపముగల చిన్న వరహా మన పూజలో నున్నచో అది శ్రీకృష్ణదేవరాయల నాటిది కావచ్చును. కనుక పెద్దమ్మగారు చెప్పిన జాగ్రత్తలను సోదరీమణులకు తెలుపుచున్నాము. వరలక్ష్మీవ్రతమునకైనను, దీపావళికైనను పాతనాణెములను చింతపండుతోగాని బూడిదతోగాని తోమకుడు. పైనున్న ఛాయతోపాటు అక్షరములును అరగిపోవును. మెత్తని ప్లాస్టిక్కు సంచులలో నుంచినచో కొన్నాళ్లకు జిగురు పుట్టి ఆకుపచ్చని చిలుము పట్టును. పొడి కాగితపు కవరులో నొక్కొక్కటిగా నుంచుడు. చేతబట్టునప్పుడు ముఖమును గాక అంచును పట్టుకొనుడు. ఎవరివలన, ఏ యూరినుండి వచ్చినదో కవరుపై వ్రాయుడు. పునాది త్రవ్వునప్పుడు నిక్షేపము దొరకినచో 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, తెలిసినవారికి చూపక, చదువక, తూకమునకు అమ్మకుడు.

తిరుగుప్రయాణమున మేము హైదరాబాదులో ఒక దినము ఆగితిమి. 1803లో సుల్తాన్‌షాహీలో వెలసి, 1903లో సైఫాబాదునకు మారిన టంకశాల, 1997లో చర్లపల్లికి పోయినది. సైఫాబాదులోని పాతభవనమున 2022లో నాణెముల ప్రదర్శనశాల తెరచిరి. పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలోను నాణెసంపద విస్తారము. హైదరాబాదు పోవు సోదరీమణులు పిల్లలను ఈ రెంటికిని తీసికొనిపోదురుగాక.

మా యూరి స్త్రీసమాజమున ఈ సంగతి ప్రస్తావించితిమి. పదిమంది కలసి తలా కొంచెము వేసికొని ఒక నాణెపత్రికకు ఏడాది చందా కట్టుటకును, అది ఇల్లిల్లు తిరిగి సమాజపు బీరువా చేరుటకును నిశ్చయమైనది. ఇంగ్లీషు తెలిసిన కోడండ్రు నెలకొక వ్యాసమును తెలుగున చెప్పుదురు. వ్రాయగలవారు దానిని నోటుపుస్తకమున కెక్కింతురు. మొదటి ప్రతిని తాండూరు పెద్దమ్మగారికి పెద్ద యక్షరములతో వ్రాసి తపాలాలో పంపనున్నాము. దానికి వెల యడుగబోము. అయినను ఆమె కందిపప్పు మూటయొకటి పంపకమానరు. ఇతర గ్రామములలోని సోదరీమణులును ఇట్టి యేర్పాటు చేసికొని, తమ యిండ్లలో నున్న పాతనాణెముల వివరములను ఈ పత్రికకు వ్రాసి పంపెదరని ఆశించుచున్నాము.